గర్భాశయ క్యాన్సర్: తొలిదశలో గుర్తింపు

గర్భసంచిలో పుట్టే క్యాన్సర్‌ను గర్భాశయ క్యాన్సర్ అంటారు. నూటికి తొంభైకి పైగా కేసుల్లో ఇది గర్భసంచి లోపొర అయిన ఎండోమెట్రియంలో మొదలవుతుంది. అందుకే వైద్యులు ఎక్కువగా ఎండోమెట్రియల్ క్యాన్సర్ అనే పేరే వాడతారు. కండరపు గోడలో పుట్టే సార్కోమాలు అరుదు. 2022లో ప్రపంచమంతటా సుమారు 4 లక్షల 20 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడిందని, 97 వేల మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఎక్కువమంది రోగులు ముట్లు ఆగిపోయినవారు, యాభై దాటినవారు. అండాశయ క్యాన్సర్ లాంటివి ముదిరేదాకా లోలోపలే ఉండిపోతాయి. ఇది అలా కాదు. చాలామందిలో గర్భసంచి దాటకముందే రక్తస్రావంగా బయటికి కనిపిస్తుంది. ఆ రక్తస్రావాన్ని వెంటనే పట్టించుకుని పరీక్ష చేయిస్తే ఎక్కువమందికి వ్యాధి పూర్తిగా నయమవుతుంది.

ముఖద్వార క్యాన్సర్ వేరు

తెలుగునాట ‘గర్భసంచి క్యాన్సర్’ అన్నప్పుడు రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతుంటాయి. గర్భసంచి కింది భాగమైన ముఖద్వారంలో వచ్చే క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ కారణం. దానికి టీకా ఉంది, జబ్బు రాకముందే మార్పులు పట్టుకునే పరీక్షలున్నాయి. 2022లో భారతదేశంలో సుమారు లక్షా 27 వేల మందికి ఆ వ్యాధి బయటపడిందని అంచనా. 2016లో కేంద్ర ప్రభుత్వం 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో గర్భసంచి లోపొర క్యాన్సర్ లేదు. లక్షణాలేమీ లేని ఆడవాళ్లందరికీ చేయదగిన పరీక్ష ఏదీ ఈ జబ్బుకు ప్రపంచంలో ఎక్కడా స్థిరపడలేదు.

ముఖద్వారం కణాలను చూసే పాప్ పరీక్ష నార్మల్ వచ్చిందంటే గర్భసంచి మొత్తం బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. అది ప్రమాదకరమైన అపోహ. జార్జ్ పాపనికొలావు, హెర్బర్ట్ ట్రౌట్ కలిసి 1943లో ఈ పరీక్ష గురించి వెలువరించిన గ్రంథం పేరులో గర్భాశయ క్యాన్సర్ అనే ఉంది. కానీ అనుభవంలో ఆ పరీక్ష నిలబడింది ముఖద్వార క్యాన్సర్ విషయంలోనే. లోపొర క్యాన్సర్ ఉన్నవారిలో చాలామందికి పాప్ ఫలితం మామూలుగానే వస్తుంది.

ఎందుకు వస్తుంది

ప్రతి నెలా ఈస్ట్రోజెన్ హార్మోను లోపొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక వచ్చే ప్రొజెస్టెరాన్ ఆ పెరుగుదలను ఆపుతుంది. తర్వాత పొర ముట్టు రూపంలో రాలిపోతుంది. ప్రొజెస్టెరాన్ అడ్డు లేకుండా ఏళ్ల తరబడి ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేస్తే పొర అతిగా పెరిగి, కొందరిలో కణాలు దారి తప్పుతాయి. స్థూలకాయం ప్రధాన కారణం కావడానికి మూలం ఇక్కడే ఉంది: ముట్లు ఆగిపోయాక అండాశయాలు దాదాపు పని మానేసినా, కొవ్వు కణజాలంలోని అరొమటేజ్ అనే ఎంజైమ్ ఇతర హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్నవారిలో అండం సరిగా విడుదల కాదు కనుక ప్రొజెస్టెరాన్ కొరత ఏర్పడుతుంది. మధుమేహం, పిల్లలు లేకపోవడం, ముట్లు ఆలస్యంగా ఆగడం కూడా ముప్పును పెంచుతాయి. గర్భనిరోధక మాత్రలు వాడినవారిలో, పిల్లల్ని కన్నవారిలో ముప్పు తక్కువ.

మందుల పాత్ర 1975లో తేటతెల్లమైంది. మెనోపాజ్ (ముట్లు ఆగే దశ) బాధలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడిన అమెరికన్ స్త్రీలలో ఈ క్యాన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువని ఆ ఏడాది రెండు అధ్యయనాలు చూపించాయి. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ తరహా మందు కలిపి ఇచ్చే పద్ధతి అప్పటి నుంచి స్థిరపడింది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది, గర్భసంచిలో మాత్రం ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది. ఆ మందు ఆపేయాలని దీని అర్థం కాదు. రక్తం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

సన్నగా ఉన్నవారికి రాదనుకోవడమూ తప్పే. సీరస్ అనే రకం ఈస్ట్రోజెన్‌తో సంబంధం లేకుండా, సన్నబడిన లోపొరలో కూడా పుట్టి వేగంగా పాకుతుంది. సంఖ్యలో తక్కువైనా మరణాల్లో దాని వాటా పెద్దది.

ముట్లు ఆగాక కనిపించే రక్తం

పన్నెండు నెలలు ముట్టు రాకుండా ఉన్నాక మళ్లీ కనిపించే ఏ రక్తమైనా ముట్టు కాదు. ఒక్క చుక్క అయినా, ఒక్కసారి వచ్చి ఆగిపోయినా, గులాబీ రంగు నీళ్లలానో గోధుమ రంగు మరకలానో ఉన్నా అంతే. 2018లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, ఈ క్యాన్సర్ వచ్చిన ముట్లు ఆగిన స్త్రీలలో సుమారు 90 శాతం మందికి ముందుగా ఇలా రక్తం కనిపించింది. అదే సమీక్షలో ఇంకో లెక్క కూడా ఉంది: ఇలా రక్తం కనిపించిన ప్రతి వందమందిలో సుమారు తొమ్మిది మందికే క్యాన్సర్ తేలింది. మిగతావారిలో ఎక్కువమందికి కారణం పొర పలచబడటమో, పాలిప్‌లు (చిన్న కండలు) పెరగడమో. ఈ రెండు లెక్కలనూ కలిపే చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే భయం పుడుతుంది, రెండోది మాత్రమే చెబితే నిర్లక్ష్యం పుడుతుంది.

మన ఇళ్లలో ఈ రక్తస్రావానికి ‘వేడి చేసింది’ అనో ‘మళ్లీ బయట చేరాను’ అనో సర్దిచెప్పుకునే పెద్దవాళ్లున్నారు. అరవై దాటిన తల్లి ఈ మాట కొడుకుతో చెప్పలేదు, కోడలితో చెప్పడానికీ మొహమాటపడుతుంది. ఆస్పత్రికి వెళ్లాలంటే తీసుకెళ్లేది, డబ్బు పెట్టేది వాళ్లే. చీర మీద మరక తానే ఉతుక్కుని ఊరుకుంటుంది. అవగాహన కార్యక్రమాలు చాలావరకు పడుచు తల్లుల చుట్టూ తిరుగుతాయి. ఈ జబ్బు విషయంలో మాట చేరవలసింది ముట్ల ఊసు మరిచిపోయిన ఈ పెద్దవయసు స్త్రీలకు. ఆ ఇంటికి వెళ్లే ఆశా కార్యకర్త బీపీ, షుగర్‌తో పాటు ‘రక్తం ఏమైనా కనిపించిందా’ అన్న ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగితే ఎంతో మేలు.

ముట్లు ఇంకా ఆగనివారిలో గుర్తుపట్టడం కష్టం. నలభై అయిదు దాటాక రక్తం మరీ ఎక్కువగా పోవడం, రెండు ముట్ల మధ్య కనిపించడం పరీక్ష అవసరమైన లక్షణాలు. ‘ఈ వయసులో అంతే, ఆగిపోయే ముందు అలాగే ఉంటుంది’ అన్న మాటతో పోయిన నెలలు తిరిగి రావు. స్థూలకాయం, పీసీఓఎస్ ఉన్నవారిలో ఇంకా చిన్న వయసులోనే అనుమానించాలి.

పరీక్షలు

మొదట యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌లో లోపొర మందం కొలుస్తారు. ముట్లు ఆగాక రక్తం కనిపించినవారిలో అది 4 మిల్లీమీటర్లు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం వందలో ఒకటి కంటే తక్కువ. అయినా రక్తస్రావం ఆగకపోతే స్కాన్‌ను నమ్ముకుని కూర్చోకూడదు, ముక్క తీయాల్సిందే. ఫైబ్రాయిడ్ గడ్డలున్నవారిలో పొర సరిగా కొలతకు అందదు. అమెరికాలో నల్లజాతి స్త్రీలపై 2024లో వెలువడిన అధ్యయనం మందం కొలతను మాత్రమే నమ్మితే కొన్ని క్యాన్సర్లు తప్పిపోతాయని చూపింది.

రోగాన్ని నిర్ధారించేది బయాప్సీ. పిపెల్ అనే సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని ముఖద్వారం గుండా పంపి పొర ముక్క తీస్తారు. మత్తు అవసరం లేకుండా ఓపీలోనే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ముట్టునొప్పి లాంటి నొప్పి కాసేపు ఉంటుంది. ముక్క చాలకపోతే హిస్టెరోస్కోపీతో లోపల చూస్తూ తీస్తారు. ఫలితంలో ‘ఎటిపికల్ హైపర్‌ప్లేసియా’ అని వస్తే అది క్యాన్సర్‌కు ముందు దశ. అలాంటివారిలో చాలామందికి అప్పటికే పక్కనే క్యాన్సర్ దాగి ఉంటుంది కనుక దాన్ని తేలిగ్గా తీసుకోరు.

అమెరికా గణాంకాల్లో వ్యాధి గర్భసంచిలోనే ఉండగా బయటపడినవారిలో అయిదేళ్ల మనుగడ సుమారు 95 శాతం, దూర అవయవాలకు పాకాక బయటపడితే సుమారు 20 శాతం.

ప్రచారం తొలినాళ్లు

ఈ లక్షణాల గురించి ఆడవాళ్లకు నేరుగా చెప్పడమే మందు అని మొదట పట్టుబట్టినవారిలో జర్మన్ వైద్యుడు గియోర్గ్ వింటర్ ఒకరు. 1902-03లో తూర్పు ప్రష్యాలోని క్యోనిగ్స్‌బర్గ్ నుంచి ఆయన గర్భాశయ క్యాన్సర్ లక్షణాలపై వైద్యులకు, మంత్రసానులకు కరపత్రాలు పంపి, పత్రికల ద్వారా స్త్రీలను హెచ్చరించాడు. మంత్రసానులను కలుపుకోవడంలో ఆయన ముందుచూపు కనిపిస్తుంది. డాక్టరుతో చెప్పలేని మాట వాళ్లతో చెప్పేవారు. 1913లో అమెరికాలో క్యాన్సర్ నియంత్రణ సంఘం ఏర్పడినప్పుడు కూడా మహిళల పత్రికలే ప్రచారానికి మొదటి వేదికలయ్యాయి.

భయంతో గర్భసంచి తీయించుకోవడం

తెలుగు రాష్ట్రాల్లో అవగాహన గురించి రాసేటప్పుడు ఈ సంగతి వదిలేయడం అన్యాయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్టకు, నడుంనొప్పికి, మామూలు ఫైబ్రాయిడ్‌కు కూడా ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాటతో ముప్పై అయిదేళ్ల కూలి స్త్రీ ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఆమెకు అకాల మెనోపాజ్, ఎముకల బలహీనత, గుండెజబ్బు ముప్పు మిగులుతాయి. అనవసరమైన ఈ ఆపరేషన్లపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

అవసరం లేనివారికి ఆపరేషన్ జరగడం, అవసరమైనవారికి ఆలస్యం కావడం ఎదురెదురు తప్పులుగా కనిపిస్తాయి. రెండింటిలోనూ చాలాసార్లు జరగకుండా పోయింది ఒకటే: ముందుగా చేయవలసిన బయాప్సీ. లోపొరకు పరీక్ష చేయకుండా గర్భసంచి తీసేసి, తర్వాత అందులో క్యాన్సర్ ఉందని తేలితే, వ్యాధి ఎంతవరకు పాకిందో చూసే అవకాశం మొదటి ఆపరేషన్‌లోనే చేజారుతుంది. గర్భసంచిని లోపలే ముక్కలు చేసి తీసే మోర్సిలేటర్ పరికరం దాగి ఉన్న క్యాన్సర్‌ను పొట్టంతా చల్లవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. తీసిన గర్భసంచిని తప్పనిసరిగా ల్యాబ్‌కు పంపించి, ఆ రిపోర్టు చేతికి తీసుకోవాలి.

చికిత్స, కుటుంబ చరిత్ర

తొలిదశలో గర్భసంచి, ఫెలోపియన్ నాళాలు, అండాశయాలు తీసే శస్త్రచికిత్సే చాలామందికి సరిపోతుంది. అవసరాన్నిబట్టి రేడియేషన్, కీమోథెరపీ, ఇమ్యునోథెరపీ ఇస్తారు. పిల్లలు కావాలనుకునే యువతుల్లో, వ్యాధి మరీ తొలిదశలో ఉంటే, గట్టి పర్యవేక్షణలో కొంతకాలం హార్మోను చికిత్స చేస్తారు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఈ ప్రాంతంలోని ప్రధాన కేంద్రాల్లో ఉన్నాయి.

కొద్దిమందిలో ఈ క్యాన్సర్ వంశపారంపర్యం. లించ్ సిండ్రోమ్ అనే జన్యు లోపం ఉన్న కుటుంబాల్లో చిన్న వయసులోనే గర్భసంచి, పెద్దపేగు క్యాన్సర్లు వచ్చే ముప్పు ఎక్కువ. అలాంటి స్త్రీలకు లక్షణాలు లేకపోయినా 30-35 ఏళ్ల నుంచి క్రమం తప్పకుండా బయాప్సీ చేయించుకోవడం గురించి, కాన్పులు పూర్తయ్యాక గర్భసంచి, అండాశయాలు తీయించుకోవడం గురించి వైద్యులు చర్చిస్తారు. తీసిన గడ్డ మీద, డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే ఎంఎంఆర్ ప్రొటీన్ల పరీక్ష చేస్తే లించ్‌ను అనుమానించాలో లేదో తెలుస్తుంది. జన్యు పరీక్షలో లించ్ ఖాయమైతే రోగి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు కూడా పరీక్షలు చేసి, ఆ జన్యు లోపం ఉన్నవారికి కొలనోస్కోపీలు (పెద్దపేగు లోపల చూసే పరీక్షలు) త్వరగా మొదలుపెడతారు.