త్రోవయు జనసంఖ్యయు

జనాభా లెక్కలు చదువువారికి విరసముగాఁ దోఁచును. అందు గ్రామము పేరు, దాని కెదురుగా నొక యంకె, అంతియే. కాని యా యంకె యేల పెరిగెనో, యేల తరిగెనో విచారించినచో, కర్నూలు కడప సీమలలో దాని వెనుకఁ దఱచుగా నొక త్రోవ చరిత్రము గానవచ్చును.

1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా సాగిరి. ఆ కాలమున ధనవంతునకు బోయీలు మోయు పల్లకి, సామాన్యునకు కాళ్లు, సరకునకు ఎద్దులు. ఇచ్చటి నల్లరేగడి వాన కురిసినచో బురదయై, బండి చక్రములు ఇరుసుదాఁక దిగబడును. వాన కురియని యేఁడు మేత లేక ఎద్దులు చచ్చును. రెండు విధములను పల్లెకుఁ గలిగినది ఒంటరితనమే.

1860-70 నడుమ నొక ప్రైవేటు కంపెనీ సుంకేసుల యొద్ద తుంగభద్ర కానకట్ట గట్టి, కడపదాఁక సుమారు 190 మైళ్ల కాలువ త్రవ్వించెను. పైరులకు నీరేగాక పడవల రాకపోకలును దాని యుద్దేశము. మెట్టపైరుల కలవాటుపడిన రేగడి రైతు నీరు గొనుటకు ముందుకు రాలేదు. కంపెనీ నష్టపడఁగా, 1882లో ప్రభుత్వమే కాలువను గొనెను. ఇంతలో 1871 నాఁటికి మదరాసునుండి కడప, గుత్తి మీదుగా రాయచూరుదాఁక రైలుదారి పడెను. అది కర్నూలు పట్టణమును గాని నంద్యాల ప్రాంతమును గాని తాఁకలేదు.

అట్టి స్థితిలో 1876లో ధాత కరవు దాపురించెను. ధాన్యము రైలులో స్టేషనులదాఁక వచ్చెను. అచ్చటినుండి పల్లెలకుఁ జేర్చుటకు బండ్లు గావలెను. బండ్లకు ఎద్దులు గావలెను. ఎద్దులకు మేత లేదు. 1871లో 9,14,432 మంది యున్న కర్నూలు జిల్లాలో 1881 నాఁటికి 6,78,551 మంది మిగిలిరి. నలుగురిలో నొకరు లేకపోయిరి. అందఱును మరణించిరనరాదు, వలసపోయినవారును గలరు. అయినను స్టేషనునకును పల్లెకును నడుమనున్న కొలఁది ఆమడల దూరము ఎందఱి ప్రాణములు గొనెనో యూహింపవచ్చును.

1880 నాఁటి కరవు కమీషను, ఇట్టి సీమలకు రక్షణగా రైలుదారులు వేయవలెనని చెప్పెను. తరువాత గుంతకల్లునుండి నంద్యాల మీదుగా, నల్లమలను దాఁటి బెజవాడకు రైలు వచ్చెను. 1891 నాఁటికి జిల్లా జనసంఖ్య 8,17,811కు మరలఁ బెరిగెను. వానలు గురియుటయు దానికిఁ గారణమే. అయినను రైలు పట్టణములను గలుపునే గాని పల్లెలను గలుపదు. అదియును త్వరగా రాదు: 1996 ప్రాంతమున మంజూరైన నంద్యాల-ఎఱ్ఱగుంట్ల మార్గమున 2016లోఁ గాని ప్రయాణికుల బండి నడువలేదు.

2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన పల్లెత్రోవలకు మేలే చేసెను. అందొక నియమము గలదు: మైదానములందు 500 మంది, కొండ గిరిజన ప్రాంతములందు 250 మంది యున్న ఊళ్లకే బాట. ధనము మితమైనపుడు ఏదో యొక హద్దు తప్పదు, నిజమే. కాని త్రోవ లేనందున జనులు పోయిరి. జనులు పోయినందున త్రోవ రాదు. ఇదేమి న్యాయము?

2011లో మనుష్యగణన ఫిబ్రవరి 9 మొదలు 28 వఱకు జరిగెను. అది గుంటూరు సీమలో మిరపకాయలు కోయు కాలము. ఆదోని, కోసిగి ప్రాంతములనుండి కుటుంబములు ఇండ్లకుఁ దాళము వేసి యచ్చటికిఁ బోవుట పరిపాటి. గణనకాలమంతయు ఊర లేనివారిని సొంతయూరి లెక్కలోఁ జేర్పరు. ఉపాధ్యాయుఁడ నగుటచే నే నీ సంగతి హాజరుపట్టీలో నేఁటేఁటఁ జూచుచున్నాను. పట్టీలోఁ బేరుండును, తరగతిలో పిల్లవాఁ డుండఁడు.

కావున చదువరులారా, ఒక పల్లెను గూర్చి వినినపుడు అచ్చట నెందఱున్నారని యడుగుటకు ముందు, వంక పొంగిననాఁడు పురిటినొప్పుల స్త్రీని ఆసుపత్రి కెట్లు చేర్తురని యడుగుఁడు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకిన యూరు నిలుచును. దొరకని యూరు ప్రతిగణనయందును మఱికొంత తరుగుచుండును.