కిటికీలో సేజ్ మొక్క

పోయిన నవంబరులో మా అమ్మాయి పురిటికి షికాగో వెళ్ళాను కదా, అక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం సిగ్గే. కానీ ఆ పని పుణ్యమా అని వెయ్యేళ్ళ నాటి ఒక కథ తెలిసింది. అందుకని రెండూ కలిపి ఇవాళ రాసేస్తున్నాను.

వాళ్ళ వంటింటి కిటికీలో ఒక చిన్న ప్లాస్టిక్ కుండీ ఉంది. బూడిదరంగు కలిసిన పచ్చటి ఆకులు, వాటి మీద మఖ్‌మల్ లాంటి నూగు. నలిపి వాసన చూస్తే కొంచెం కర్పూరంలా, కొంచెం ఘాటుగా ఉంది. "అది సేజ్ అత్తయ్యగారూ, థాంక్స్‌గివింగ్ పండక్కి ఫ్రెండ్స్ ఇచ్చారు" అన్నాడు అల్లుడు.

కాడ పట్టుకుని చూశాను. తులసి కాడని ఎప్పుడైనా వేళ్ళ మధ్య తిప్పి చూశారా? గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. పుదీనా అంతే, మరువం అంతే. ఇదీ అంతే! అంటే మన తులసమ్మకి చుట్టమే అనుకుని, ఆ మంచు దేశంలో నాకో తోడు దొరికినట్టు సంబరపడ్డాను. సీమచింత, సీమవంకాయ ఉన్నట్టు దీనికి నేనే సీమతులసి అని పేరు కూడా పెట్టేశాను. రోజూ స్నానం చేయగానే ఒక చెంబు నీళ్ళు పోసేదాన్ని.

రెండు వారాలు తిరిగేసరికి కింది ఆకులు పసుపుపచ్చగా మారి కాడలు వాలిపోయాయి. నీళ్ళు చాలడం లేదేమోనని ఇంకో అర చెంబు ఎక్కువ పోశాను.

ఇంతలో అమ్మాయికి జలుబు చేసింది. ఎనిమిదో నెల, మాత్రలు వేసుకోనంటుంది. నాలుగు మిరియాలు, అల్లం ముక్క, తులసి ఆకుల బదులు ఈ ఆకులు గుప్పెడు వేసి కషాయం కాచి ఇచ్చాను. గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి, "ఇందులో ఏం వేశావమ్మా?" అంది. చెప్పాను. ఫోనులో ఏదో చూసి గ్లాసు పక్కన పెట్టేసింది. "గర్భిణులు దీన్ని ఇలా మందులా తాగకూడదటమ్మా." తర్వాత మెల్లగా, "ఆ మొక్కకి కూడా నీళ్ళు ఎక్కువైపోయాయి. కొన్నాళ్ళు దాన్ని వదిలెయ్" అంది.

అన్నది మొక్క గురించే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంత దూరం వచ్చి బిడ్డకి చెడు చేయబోయానా అని ఒక పక్క, నన్నే వదిలెయ్యమందా అని ఇంకో పక్క. కూర్చుని ఆ మొక్క గురించి చదవడం మొదలుపెట్టాను.

దాని పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. ముఖ్యంగా ఇప్పటి క్రొయేషియాలో డాల్మేషియా అనే ప్రాంతంలో సున్నపురాయి కొండల మీద పెరుగుతుంది. రాళ్ళ మధ్య కాస్త మట్టి, నెత్తి మీద ఎండ, పడ్డ వాన పడ్డట్టే జారిపోయే నేల. అలాంటి చోట పుట్టిన దానికి నేను పూటకో చెంబు పోశాను! దాని శాస్త్రీయ నామం సాల్వియా అఫిసినాలిస్. 1753లో లిన్నేయస్ పెట్టాడు. సాల్వియా అంటే లాటిన్‌లో ఆరోగ్యం అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. అఫిసినాలిస్ అంటే మందుల కొట్లో ఉండేది అని. ఇంగ్లీషులో సేజ్ అంటే జ్ఞాని అని కూడా అర్థం ఉంది కానీ, ఆ మాట పుట్టుక వేరు. రెండు వేర్వేరు మాటలు అరిగి అరిగి ఒకేలా తయారయ్యాయి.

క్రీ.శ. 800 ప్రాంతంలో చార్లెమేన్ చక్రవర్తి కాలంలో రాజుగారి ఎస్టేట్లు ఎలా నడపాలో చెప్పే ఒక శాసనం రాశారు. అందులో తోటల్లో ఏమేం పెంచాలో దాదాపు 90 మొక్కల జాబితా ఉంది. సేజ్ మొదట్లోనే ఉంది. దానితో పాటు ఏమున్నాయో తెలుసా? మెంతులు, జీలకర్ర, ధనియాలు, ఆవాలు! మన పోపులపెట్టెని చక్రవర్తి శాసనంలో చూసి అర్ధరాత్రి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకో ఎప్పుడో, సెయింట్ గాల్ మఠం కోసం ఒక పెద్ద నమూనా గీశారు. అయిదు తోలు ముక్కలు కలిపి కుట్టి, దాని మీద మఠంలో ఏ గది ఎక్కడుండాలో గీసిన బొమ్మ అది. ఇప్పటికీ స్విట్జర్లాండులో ఆ మఠం గ్రంథాలయంలోనే భద్రంగా ఉంది. అందులో వైద్యుడి ఇంటి పక్కన చిన్న మందుల తోట, సరిగ్గా 16 మళ్ళు. ప్రతి మడిలో ఏ మొక్క ఉండాలో పేరు రాశారు. ఒక మడిలో సేజ్. ఇంకో మళ్ళలో పుదీనా, మెంతి, జీలకర్ర, సోపు.

ఆ బొమ్మ గీసింది రైకెనావ్ అనే దీవిలో. జర్మనీ వైపు కాన్‌స్టన్స్ సరస్సులో ఉంటుంది. ఆ దీవి మఠంలోనే వాలాఫ్రిడ్ స్ట్రాబో అనే సన్యాసి ఉండేవాడు. తర్వాత ఆ మఠానికి అధిపతి కూడా అయ్యాడు. 849లో, నలభై ఏళ్ళ వయసులోనే పోయాడు. ఆయన తన తోట గురించి లాటిన్‌లో ఒక కావ్యం రాశాడు. యుద్ధాల గురించి కాదండీ, పెరటి మొక్కల గురించి! రెండు డజన్ల దాకా మొక్కల్ని వర్ణించాడు. అన్నిటికన్నా ముందు వర్ణించింది సేజ్‌నే.

ఆయన వాకిలంతా దురదగొండి లాంటి ముళ్ళాకు మొలిచిపోతే తవ్వి, నేల చదును చేసి, విత్తనాలు వేశాడట. చెంబుతో గుమ్మరిస్తే విత్తనాలు కొట్టుకుపోతాయని, నీళ్ళు దోసిలితో పట్టి చుక్క చుక్కగా వదిలాడట. అది చదివి నా చెంబు గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాడు. సేజ్‌కి ఇంట్లోనే ఒక శత్రువు ఉందట. కొత్త చిగుళ్ళని తుంచకపోతే అవి అసూయతో తల్లి కొమ్మల్ని ఎండగట్టి చంపేస్తాయట. ఆ మాట దగ్గర ఆగిపోయాను. నా మనసు అప్పుడే బాగాలేదు కదా, ఈ సన్యాసికి పిల్లలు లేకపోయినా ఇదెలా తెలిసిందబ్బా అనిపించింది.

తర్వాతి శతాబ్దాల్లో ఇటలీలోని సలెర్నో వైద్యుల పేరు మీద వచ్చిన ఆరోగ్య పద్యాల్లో కూడా సేజ్‌ని తెగ పొగిడారు. అంతా పొగిడి చివరికి చావుకి మాత్రం ఏ తోటలోనూ మందు లేదని తేల్చేశారు.

ఇదంతా ఆరుబయట తోటల కథ. ఇంట్లో కిటికీ దగ్గర మొక్క పెట్టుకోవాలంటే ముందు వెలుతురు రావాలి. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను ఉండేది! ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను. దానికి భయపడి కిటికీలు ఇటుకలతో మూసేసుకున్నారు. గాజు మీద వేరే పన్ను. అది 1845లో పోయింది. ఈ రెండూ పోయాకే మామూలు ఇళ్ళలోకి పెద్ద పెద్ద గాజు కిటికీలు, వాటి వెనక పూలకుండీలు వచ్చాయి. అంతకుముందు 1829లో నథానియల్ వార్డ్ అనే లండన్ డాక్టరు, ఒక పురుగు గూడుని మట్టితో పాటు సీసాలో పెట్టి మూత పెడితే, అందులో దానంతటదే ఒక ఫెర్న్ మొలిచింది. అక్కణ్ణించి మూసిన గాజుపెట్టెల్లో మొక్కలు పెంచడం మొదలైంది. చైనా టీ మొక్కలు మన హిమాలయ ప్రాంతపు తోటలకి ఓడల్లో వచ్చింది అలాంటి పెట్టెల్లోనే. కానీ ఆ చెమ్మ ఫెర్నుకి సుఖం, సేజ్‌కి చావు.

తెల్లారాక అమ్మాయితో, "నువ్వన్నది నిజమే, నీళ్ళెక్కువయ్యాయి" అన్నాను. అది నా పక్కన కూర్చుని, "నీకు కోపం వచ్చిందనుకున్నానమ్మా" అంది. వచ్చిందని ఒప్పుకున్నాను.

ఇద్దరం కలిసి మొక్కని బాగుచేశాం. అడుగున చిల్లు ఉన్న మట్టి కుండీ తెప్పించి, మట్టిలో మూడో వంతు ముతక ఇసుక కలిపి మార్చాం. కుళ్ళిన వేళ్ళు, పండిన ఆకులు తీసేశాం. దక్షిణం కిటికీలో, చలిగాజుకి ఆకులు తగలకుండా ఒక జానెడు ఇవతల పెట్టాం. డిసెంబరులో అక్కడ పగలు తొమ్మిది గంటలే, అందుకని అల్లుడు ఒక ఎల్ఈడీ దీపం బిగించి రోజుకి పన్నెండు గంటలు వెలిగేలా పెట్టాడు. నీళ్ళు పోసే ముందు వేలు పెట్టి చూడటం, పైన అంగుళం మట్టి పొడిగా ఉంటేనే పోయడం, కింద పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే పారబోయడం. మొక్క బతుకుతుందో లేదోనని మంచి కొమ్మలు రెండు మూడంగుళాలు తుంచి, కింది ఆకులు దులిపి, తడి ఇసుకలో వేరేగా గుచ్చాను.

జనవరిలో మనవరాలు పుట్టింది. ఆ హడావిడిలో వారాల తరబడి కుండీ వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే దానికి మందైంది! తల్లి మొక్క కింది నుంచి చిగురేసింది. గుచ్చిన రెండిట్లో ఒకటి వేళ్ళు పట్టింది. దాన్ని వేరే కుండీలోకి మార్చి పక్కనే పెట్టాం. సన్యాసిగారు చెప్పింది ఒకే మట్టిలో ఉన్నప్పటి మాట. ఎవరి కుండీ వాళ్ళకి ఇచ్చాక రెండూ ఒకే కిటికీ ఎండలో బాగానే ఉన్నాయి.

అల్లుడి కోసం ఒకరోజు వెన్నలో నాలుగు ఆకులు కరకరలాడేలా వేయించి ఉడికిన బంగాళాదుంపల మీద వేశాను. ఇటలీ వాళ్ళ పద్ధతట. అమ్మాయి ఇంకో గుప్పెడు ఆకులు కోసి టీ కాచుకోబోయింది. ఈసారి ఆపింది నేను. "పాలిచ్చేటప్పుడు వద్దే, పాలు తగ్గుతాయంటారు." అది మారు మాట్లాడకుండా ఆకులు పక్కన పెట్టేసింది.

నేను మార్చిలో వచ్చేశాను. మొక్క తేవడానికి రూల్సు ఒప్పుకోవు. ఇక్కడ నా తులసికి నా చెంబు సరిపోతోంది. మొన్న అమ్మాయి ఫోను చేసి కిటికీ చూపించింది. రెండు కుండీలూ పచ్చగా ఉన్నాయి. "నీళ్ళు పోశావా?" అన్నాను అలవాటుగా.

"వేలు పెట్టి చూశానమ్మా, ఇంకా తడిగానే ఉంది" అంది.