కాన్‌బెర్రా నుంచి ఉద్దానం దాకా... ఒక ఫోల్డర్ కథ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా ఇంటి రేకులు లేచిపోయి కంప్యూటర్ తడిసి ముద్దయింది. అందులో మా నాన్న క్రియాటినిన్ రిపోర్టులన్నీ ఉన్నాయి. మావైపు కిడ్నీ జబ్బు సంగతి మీకు తెలిసిందే కదా. డాక్టరుకి ఇవాళ్టి అంకె ఒక్కటే చాలదు, అది ఎన్నాళ్ళలో ఎంత పెరిగిందో కావాలి. "తోటే పోయింది, కాగితాలదేముందిరా" అన్నాడు నాన్న. నేనప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నా (అదీ కంప్యూటర్ సైన్సు!). సిగ్గేసింది.

తర్వాత టెక్కలిలో అప్ప వాళ్ళింట్లో కంప్యూటర్‌నీ, మా ఇంట్లో కొత్తదాన్నీ కలిపి, రెండింట్లో ఒకే ఫోల్డర్ ఉంచుదామనుకున్నా. మొదటి తలనొప్పి నత్తనడక నెట్టు. 1996లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిజెల్, పాల్ మాకెరాస్ ఆర్‌సింక్ రాసింది ఇలాంటి లైన్ల కోసమే. పాత ఫైలున్న కంప్యూటర్ దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ చెక్‌సమ్ కట్టి పంపుతుంది. కొత్త ఫైలున్నది వాటితో పోల్చి చూసుకుని, మారిన భాగమే పంపుతుంది. అంతే!

రెండోది భద్రత. టెల్నెట్ లాంటివి పాస్‌వర్డ్‌ని పోస్టుకార్డు మీద రాసినట్టు పంపేవి. 1995లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డులు దొంగిలించబడ్డాక, అక్కడి టాటూ ఇలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. కిడ్నీ రిపోర్టు ఎవడిక్కావాలి అంటారా? సంబంధాలు మాట్లాడేటప్పుడు "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని ఆరా తీయడం నేను చూశాను. మా చెల్లికింకా పెళ్ళి కాలేదు.

మూడోది, రెండు వైపులా మార్పులు చేస్తే? ఆర్‌సింక్ ఒకవైపే నడుస్తుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బెంజమిన్ పియర్స్ బృందం చేసిన యూనిసన్ అయితే, ఒకే ఫైలు రెండు చోట్లా మారితే ఏది ఉంచాలో మనల్నే అడుగుతుంది. నేను వాడుతున్నది 2013లో యాకబ్ బోర్గ్ మొదలుపెట్టిన సింక్‌థింగ్. మన ఫైళ్ళు ఏ కంపెనీ సర్వర్లోనూ దాచదు, కంప్యూటర్లు ఒకదాన్నొకటి కీ చూసి గుర్తుపడతాయి, దారంతా ఎన్‌క్రిప్షనే.

అంతా బాగుందనుకుంటుండగా మా బావ పొరపాటున ఒక ఏడాది ఫోల్డర్ డిలీట్ చేశాడు. సింక్ బుద్ధిగా మా ఇంట్లోనూ డిలీట్ చేసింది! అదృష్టం కొద్దీ నా లాప్‌టాప్‌లో పాత కాపీ ఉంది. అప్పుడు తెలిసింది, సింక్ అంటే బ్యాకప్ కాదని. వెంటనే పాత వెర్షన్లు దాచే ఆప్షన్ పెట్టాను. ఇంకో సంగతి, పలాసకొచ్చిన తుపాను టెక్కలికి రాదా? అందుకే మూడో కాపీ హైదరాబాదులో ఒక డిస్కులో ఉంది.

2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. నాన్నని తీసుకెళ్తే డాక్టరు పాత రిపోర్టులడిగారు. ఫోల్డర్ తెరిచి వరసగా చూపించాను. "అంతకు ముందువి?" అన్నారు.

2018కి ముందువి లేవు.