తేనెకూ ఓ ఇంటిపేరు

1954లో దక్షిణ ఇటలీలోని పెస్తుమ్ శిథిలాల మధ్య నేలమాళిగలాంటి చిన్న గుడి ఒకటి బయటపడింది. లోపల ఇనుప చువ్వలు, వాటి పక్కన ఎనిమిది కంచు బిందెలు, కూజాలు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో, అక్కడ గ్రీకులు కాపురమున్న రోజుల్లో దేవుడికి సమర్పించినవి. వాటిలో జిగటగా, మైనంలా ఓ ముద్ద మిగిలి ఉంది. తవ్వినవాళ్లు చూడగానే తేనే అనుకున్నారు. ప్రయోగశాలలు మాత్రం ఒప్పుకోలేదు. మూడు బృందాలు వేర్వేరుగా పరీక్షించి, ఇదేదో కొవ్వు పదార్థం అని తేల్చేశాయి. చివరికి 2025లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు కొత్త పరికరాలతో మరోసారి చూశారు. అందులో చక్కెరలు, మైనం ఆనవాళ్లు, తేనెటీగలు తమ పిల్లలకు పెట్టే రాయల్ జెల్లీలోని ప్రొటీన్లు కనిపించాయి. దేవుడికి పెట్టింది తేనెపెరే. మొదట తవ్వినవాళ్ల కన్ను చెప్పింది నిజమని రుజువు కావడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

ఇంతకంటే నాకు నచ్చిన తేనె కథ ఉత్తరాన, మాంటువా దగ్గర ఫోర్చెల్లోలో దొరికింది. అక్కడ ఎట్రుస్కన్లనే ప్రాచీన జాతి కాలంలో ఒక వర్తకుడి పనిశాల తగలబడింది. క్రీస్తుపూర్వం 510-495 మధ్య జరిగిన ప్రమాదం. కాలి బొగ్గైన తేనెపెరలు బూడిద కింద అలాగే ఉండిపోయాయి. వాటిలోని పుప్పొడిని పరిశీలించిన పరిశోధకులు 2017లో ఫలితాలు ప్రకటించారు. అందులో ద్రాక్షపూల తేనె ఉంది. ఈ రోజు ఇటలీ మొత్తం గాలించినా అలాంటి తేనె దొరకదు. దానితోపాటు కలువల్లాంటి నీటి మొక్కల పుప్పొడి కూడా ఉంది. అంటే ఈగలు నది మీద మేశాయి.

ఇక్కడ ప్లినీని పిలవాలి. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైన 79వ సంవత్సరంలో ప్రాణాలు పోగొట్టుకున్న రోమన్ పండితుడాయన. పో నది ఒడ్డున హొస్టీలియా అనే ఊరివాళ్ల సంగతి తన గ్రంథంలో రాశాడు. ఊరి చుట్టూ పూలు అయిపోగానే వాళ్లు తేనెపట్ల గూళ్లను పడవలకెక్కించి, రాత్రిపూట ఐదు మైళ్లు ఎదురు ప్రవాహంలో తీసుకెళ్లేవారట. తెల్లవారగానే ఈగలు ఒడ్డుకు వెళ్లి, మేసి, పడవకు తిరిగొచ్చేవి. రోజుకో చోట లంగరు. తేనె నిండిందా లేదా అని గూడు విప్పి చూసే పనే లేదు. పడవ నీళ్లలోకి ఎంత దిగిందో చూస్తే చాలు. బరువుకు కిందికి కుంగిందంటే ఇంటిదారి పట్టడమే. హొస్టీలియా అంటే ఇప్పటి ఒస్టీలియా. ఫోర్చెల్లోకు దూరమేం కాదు. ప్లినీ మాటను కట్టుకథగా కొట్టిపారేసినవాళ్లకు, ఆయనకంటే సుమారు 600 ఏళ్ల ముందే కాలిపోయిన పెరలు జవాబు చెప్పాయి.

రోమన్లు తేనెను భక్తితోనే కాదు, లెక్కతోనూ చూశారు. వర్రో అనే పెద్దాయన ఎనభయ్యో ఏట, క్రీస్తుపూర్వం 37 ప్రాంతంలో వ్యవసాయం మీద పుస్తకం రాశాడు. అందులో ఫలేరీ ప్రాంతానికి చెందిన వెయానీ అన్నదమ్ములున్నారు. స్పెయిన్‌లో ఆయన కింద సైనికులుగా పనిచేసినవాళ్లు. తండ్రి వదిలివెళ్లింది చిన్న ఇల్లు, ఒక యూగెరమ్ నేల. మన లెక్కలో 62 సెంట్లు. అందులో వాళ్లు గోధుమల జోలికి పోలేదు. ఇంటి చుట్టూ ఈగల గూళ్లు పెట్టి, మిగతా చోటంతా థైమ్ లాంటి ఈగలకు ఇష్టమైన మొక్కలు వేశారు. ఏటా తక్కువలో తక్కువ 10,000 సెస్టర్సులు చేతికొచ్చేవి. అప్పటి సైనికుడి ఏడాది జీతం 900. వీళ్లు మరో తెలివైన పని కూడా చేసేవారు. తీసిన తేనెను తీసినట్టే తెగనమ్మకుండా, ధర వచ్చేదాకా ఆగేవారు. అరెకరం పైచిలుకుతో పదకొండు మంది సైనికుల జీతం! ఆ రోజుల్లో పంచదార లేదు కదా మరి. వైన్‌లో తేనె, మాంసం కూరలో తేనె, మందులో తేనె.

ఫోర్చెల్లో పరిసరాల్లోనే పుట్టిన వర్జిల్, తన జార్జిక్స్ కావ్యంలో నాలుగో భాగం మొత్తాన్ని తేనెటీగలకే ఇచ్చాడు. క్రీస్తుపూర్వం 29 నాటికి పూర్తయిన ఆ కావ్యంలో శాస్త్రం తప్పుల తడక. ఈగలకు రాజుంటాడన్నాడు, రాణి కాదు. చచ్చిన ఎద్దు కళేబరం నుంచి ఈగలు పుడతాయన్నాడు. తేనె ఆకాశం నుంచి మంచులా ఆకుల మీద రాలుతుందన్నాడు. ప్లినీదీ అదే నమ్మకం. మొదటి రెండింటికీ నవ్వుకోవచ్చు గానీ, మూడోది మాత్రం అంత తేలిగ్గా తీసిపారేసేది కాదు. దాని సంగతి తర్వాత.

ఏ తేనె గొప్పదన్న విషయంలో రోమన్లకు గట్టి పట్టింపులున్నాయి. సిసిలీలోని హైబ్లా కొండల థైమ్ తేనె అంటే కవులు పడిచచ్చేవారు. సార్డీనియా ద్వీపం తేనె అంటే మొహం చిట్లించేవారు. విందు పాడు చేసే వస్తువులకు ఉదాహరణ వెతుక్కుంటూ కవి హోరెస్, గసగసాలతో కలిపి వడ్డించిన సార్డీనియా తేనెను పేర్కొన్నాడు. కారణం చేదు.

ఆ చేదుకు మూలం కోర్బెజోలో అనే పొద. శరదృతువు చివర, మిగతా పూలన్నీ రాలిపోయాక తెల్లటి చిన్న గంటల్లా పూస్తుంది. చలి, వాన తెరిపిచ్చిన రోజుల్లోనే ఈగలు బయటికొస్తాయి కాబట్టి దొరికేది కొద్దిగానే. నాలుక మీద పెట్టుకుంటే మొదట తీపి, వెంటనే కాఫీ పొడి నమిలినట్టు చేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు రేకు పంటికింద పడ్డట్టే, ఓ క్షణం మాట ఆగిపోతుంది. సార్డీనియా ఇళ్లలో సెయాదాస్ అనే వంటకం ఉంది. గుండ్రటి కజ్జికాయ అనుకోండి. లోపల కొబ్బరి బదులు పచ్చి జున్ను. నూనెలో వేయించి, వేడివేడిగా ఈ చేదు తేనె పైన పోస్తారు. జున్ను కొవ్వు, పిండి కరకర, ఆపైన చేదు. హోరెస్ ఎగతాళి చేసిన ఆ సరుకే ఇప్పుడు ఇటలీలో ఖరీదైన తేనెల్లో ఒకటి. ఈ విషయంలో నా ఓటు పల్లె వంటగదికే, రోమ్ కవికి కాదు.

మధ్య యుగాల్లో కథ మలుపు తిరిగింది. మన దేశపు చెరకు పర్షియా మీదుగా, అరబ్బుల చేతుల్లో సిసిలీ చేరింది. పంచదార చవకయ్యే కొద్దీ తేనె వెనక్కి జరిగి, పండుగ మిఠాయిల్లోనూ పల్లెటూరి మందుల్లోనూ తలదాచుకుంది. ఈగకు మాత్రం కొత్త వైభవం వచ్చింది. 1623లో పోప్ అయిన ఎనిమిదో అర్బన్‌ది బార్బెరీని వంశం. వాళ్ల చిహ్నం మూడు తేనెటీగలు. ఒకప్పుడు అవి జోరీగలేననీ, హోదా పెరిగాక తేనెటీగలుగా మార్చుకున్నారనీ చెబుతారు. రోమ్‌లో శిల్పి బెర్నీనీ 1644లో చెక్కిన ఈగల ఫౌంటెన్ దగ్గర ఇప్పటికీ ఆ మూడూ నీళ్లు తాగుతూ కనిపిస్తాయి. 1624లో గెలీలియో తన మిత్రుడు చేసీకి ఒక సూక్ష్మదర్శినిని పంపాడు. మరుసటి ఏడు చేసీ, ఆయన సహచరుడు స్టెల్లూటి కలిసి దానితో చూసిన తేనెటీగ బొమ్మలు అచ్చు వేయించి పోప్‌కు కానుక ఇచ్చారు. కన్ను, కాలు, తొండం, ఒంటిమీది నూగు కూడా విడివిడిగా గీసిన బొమ్మలు. సూక్ష్మదర్శినితో చూసి అచ్చేసిన తొలి బొమ్మలుగా వాటికి పేరు. ఎనిమిదేళ్లకు అదే పోప్ హయాంలో గెలీలియో విచారణకు నిలబడ్డాడు. కానుకలు అక్కరకు రాలేదు.

ఇటలీ తేనెను తిరిగి నిలబెట్టింది నాలుక. 1980 ప్రాంతంలో బొలోనా కేంద్రంగా, వైన్ రుచి చూసినట్టే తేనె రుచి చూడటం నేర్పే శిక్షణ మొదలైంది. తర్వాత రుచి నిపుణులకు జాతీయ జాబితా కూడా వచ్చింది. పద్ధతి సులువే. గాజు గ్లాసులో కొంచెం తేనె వేసి, చెంచాతో గ్లాసు గోడలకు పూస్తారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. ఆ తర్వాతే చిటికెడు నాలుక మీద. మింగాక కాసేపు ఆగి, వెనక ఏ వాసన తేలుతుందో గమనిస్తారు. వాళ్లు వాడే మాటలు వింటే అత్తరు కొట్లో ఉన్నట్టుండదు. యూకలిప్టస్ తేనెలో ఎండు పుట్టగొడుగులు, లిండెన్ తేనెలో మెంథాల్, డాండెలియన్ తేనెలో పశువుల కొట్టం! సిసిలీ నారింజ తోటల తేనె ఒక్కటే పెళ్లివారిలా ఘుమఘుమలాడుతుంది. సుల్లా అనే పశుగ్రాసపు పువ్వు తేనె దాదాపు తెల్లగా, నెమ్మదిగా ఉంటుంది. చెస్ట్‌నట్ తేనె దీనికి పూర్తిగా విరుద్ధం. నల్లగా, వగరుగా, ఘాటుగా ఉండి, పిల్లలు ఒక్కసారి రుచి చూసి గిన్నె పక్కకు నెట్టేస్తారు. అదే గోర్గొంజోలా జున్ను ముక్క మీద చుక్క వేస్తే పెద్దలు వదలరు.

ఇటలీలో అందరికీ ఇష్టమైనది అకాసియా తేనె. నీళ్లలా తేటగా ఉంటుంది, త్వరగా గడ్డకట్టదు. తమాషా ఏమిటంటే అది అకాసియా కాదు, ఇటలీదీ కాదు. అకాసియా అంటే మన తుమ్మ. ఇది ఉత్తర అమెరికా నుంచి వచ్చిన రోబీనియా చెట్టు. ఊరు, పేరు రెండూ అరువు తెచ్చుకున్నా, ఇటలీ తేనెల్లో ఐరోపా భౌగోళిక గుర్తింపు మొదట పొందినవాటిలో అదీ ఉంది. 2004లో టస్కనీలోని లూనిజానా ప్రాంతపు అకాసియా, చెస్ట్‌నట్ తేనెలకు ఆ ముద్ర దక్కింది. ఈ చెట్టు పూసేది కొద్ది రోజులే. 2021 వసంతంలో మంచు పడి పూత మాడిపోతే, ఉత్తరాది పెంపకందార్లు పెట్టెల్లో ఈగలు ఆకలితో చావకుండా పాకం పోసి బతికించుకోవాల్సి వచ్చింది.

ఇక వర్జిల్ మంచు సంగతి. ఇటలీ అంగళ్లలో మెలాటా అనే తేనె అమ్ముతారు. కారు నలుపు, బెల్లం పాకపు రుచి, తీపి తక్కువ. ఇది పువ్వులది కాదు. చెట్ల రసం పీల్చే చిన్న పురుగులు ఆకుల మీద వదిలే తీపి జిగటను ఈగలు ఏరుకొచ్చి చేసేది. 1979లో ట్రెవిజో దగ్గర తొలిసారి కనిపించిన మెట్‌కాల్ఫా అనే అమెరికా పురుగు వల్ల దీని దిగుబడి పెరిగింది కూడా. తెల్లవారుజామున ఆకుల మీద తీపి బిందువులు చూసిన కవి, పైనుంచి రాలాయనుకోవడంలో పెద్ద తప్పేముంది?

మనకూ ఇటలీకీ మధ్య ఓ చుట్టరికం ఉంది. పొద్దుతిరుగుడు చేల పక్కన మన రైతులు పెట్టెల్లో పెంచే ఈగలను ఇటాలియన్ తేనెటీగలనే అంటారు. పసుపు పట్టీలతో, నెమ్మదిగా ఉండే ఆ జాతిని 1806లో స్పినోలా వర్ణించి, లిగూరియా ప్రాంతం పేరు మీద లిగుస్టికా అని పేరు పెట్టాడు. ప్రపంచమంతా తిరిగి, 1960ల్లో పంజాబ్ వైపు నుంచి మన దేశంలో స్థిరపడింది. పేర్లు పెట్టే తీరులో మాత్రం తేడా ఉంది. పుట్టతేనె, జుంటితేనె, కొండతేనె అంటూ మనం పట్టు పట్టిన చోటును బట్టో, ఈగను బట్టో పిలుస్తాం. ఇటలీవాళ్లు పువ్వును బట్టి పిలుస్తారు. అక్కడ పువ్వే తేనెకు ఇంటిపేరు.

ఇంకో తేడా కూడా ఉంది. సీసాలో తేనె గడ్డకడితే మన ఇళ్లలో పంచదార పాకం కలిపారని అనుమానిస్తారు. తేనెలోని గ్లూకోజ్ పలుకులు కట్టడం సహజం. పొద్దుతిరుగుడు తేనె అయితే వారాల్లోనే గట్టిపడుతుంది. గడ్డకట్టినంత మాత్రాన అది కల్తీ కాదు, పారుతున్నంత మాత్రాన అసలుదీ కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది, మరిగించకండి. ఈసారి అరకు దారిలోనో, సంతలోనో తేనె కొనేటప్పుడు అసలుదేనా అని అడగడంతో సరిపెట్టకండి. ఏ నెలలో తీశారు, అప్పుడు ఏ చెట్లు పూశాయి అని కూడా అడగండి. కొట్టి తెచ్చినవాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది.