చెట్టును కొట్టక ఇల్లు కట్టుట

క్రొత్త ఇల్లు కట్టదలచినవారు మొట్టమొదట స్థలమును చదును చేయింతురు. ఆ చదునులో నూరేండ్ల చెట్టు ఒక్క పూటలో నేలగూలును. ఇల్లు ఏడాదిలో లేచును. అట్టి చెట్టు మరల పెరుగుటకు మూడు తరములు పట్టును. చెట్టునుంచుకొని కట్టుట సాధ్యమా? ఈ ప్రశ్నకు హైదరాబాదు నగర చరిత్రలోనే సమాధానమున్నది.

సుల్తాన్ బజారునకు దక్షిణముగా, మూసీ నది ఉత్తరపు గట్టున, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముదుసలి చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీకి ప్రళయము వంటి వరద వచ్చి వేలకొలది జనులు మృతిచెందిరి. ఆనాడు సుమారు 150 మంది ఈ చెట్టు కొమ్మలనెక్కి ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. ఇండ్ల గోడలు కూలగా చెట్టెట్లు నిలిచినది? చింత వేళ్ళు లోతునకు దిగి, చుట్టును దూరముగా ప్రాకి మట్టిని గట్టిగా పట్టియుండును. దాని కర్ర మిక్కిలి దృఢమైనది.

వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను తయారైనవి. నగరాభివృద్ధి సంఘము 1912లో ఏర్పడినది. విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి రూపకల్పనతో ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు లేచినవి. అంత పెద్ద కట్టడము వచ్చినను చింతచెట్టు మాత్రము చోటు కోల్పోలేదు.

సుల్తాన్ బజారులోనే మరియొక పాఠమున్నది. 19వ శతాబ్ది ఆరంభమున కిర్క్‌పాట్రిక్ అను బ్రిటిషు రెసిడెంటు కోఠీలో పెద్ద భవనమును, దాని చుట్టు తోటను ఏర్పరచెను. దాని ప్రక్కన పెరిగిన రెసిడెన్సీ బజారు 1933లో నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చి సుల్తాన్ బజారయినది. 1949లో మహిళా కళాశాల ఆ భవనములోనికి వచ్చినది, నేడది విశ్వవిద్యాలయము. గోడకు లోపల చెట్ల నీడ. వెలుపల భుజము భుజము ఒరసికొను దుకాణములు. పేటకు స్వభావమును ఇచ్చునవి భవనములు మాత్రమే కావు, వాటి మధ్య మిగిల్చిన నేలయు అని దీనివలన తెలియును.

ఆ నీడ కేవలము అందము కాదు. ఆకులనుండి ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కిలో కేలరీల వేడి కావలెను. ఆ వేడి పరిసరములనుండియే పోవును గనుక చెట్టు క్రింద గాలి చల్లబడును.

అయితే మ్రానును విడిచి వేళ్ళను నరికినచో చెట్టు నిలువదు. నీటిని పీల్చు సన్నని వేళ్ళలో అధిక భాగము పైమట్టిలోనే, సుమారు 60 సెంటీమీటర్ల లోతులోపల ఉండి, కొమ్మల నీడను దాటియు వ్యాపించును. లారీలు తొక్కి మట్టి గట్టిపడినను, మొదటిచుట్టు మట్టి ఎత్తుగా పోసినను వేళ్ళకు గాలి అందదు. అట్టి చెట్టు వెంటనే చావదు. కొన్ని ఏండ్లకు మెల్లగా ఎండును. అందుచే కారణమెవరికిని తోచదు.

ఎంత నేలను కాపాడవలెను? బ్రిటిషు ప్రమాణము ప్రకారము, భూమికి 1.5 మీటర్ల ఎత్తున మ్రాను వ్యాసమునకు 12 రెట్లు వ్యాసార్ధముగా గల వృత్తము. చుట్టుకొలత 157 సెంటీమీటర్లయినచో వ్యాసము 50 సెంటీమీటర్లు. వ్యాసార్ధము 6 మీటర్లు. ఆ వృత్త వైశాల్యము సుమారు 113 చదరపు మీటర్లు, అనగా 135 చదరపు గజములు! రెండు వందల గజముల స్థలము గలవానికి ఇది చిన్న కోరిక కాదు. చెట్టు హద్దుప్రక్కన ఉన్నచో వృత్తములో కొంత వీధిక్రిందికి పోవచ్చును. మిగిలినచోట వరుస పునాదికి బదులు, చేతితో త్రవ్వి పెద్ద వేళ్ళను తప్పించి స్తంభములు నిలిపి, వాటిపై నేలకెత్తుగా దూలములు వేయవచ్చును. పని ముగియువరకు చెట్టుచుట్టు కంచె ఉండవలెను. సిమెంటు, సున్నము అచట కలుపరాదు. పెరికి వేరొకచోట నాటుట కడపటి మార్గము; అందు వేళ్ళలో అధిక భాగము పోవును.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము చెట్టు నరుకుటకు అనుమతి కోరవలెనని చెప్పుచున్నది. కాని అనుమతి చీటీ ఇచ్చునది నరుకు హక్కునే గాని నీడను కాదు. ఉపాధ్యాయులు విద్యార్థులచే బడిలోని ప్రతి చెట్టు చుట్టుకొలత తీయించి, రక్షణ వృత్తములను బడి పటముపై గీయింపవచ్చును. క్రొత్త గదులు కట్టు నాడు ఆ పటమును ముందుగా మేస్త్రీ చేతికీయవలెను.