దుకాణం ఖాళీ చేయమన్న తీర్పు: అప్పీలు ఎప్పుడు ఉంటుంది?

ఓడిపోయిన ప్రతివారికీ అప్పీలు చేసుకునే హక్కు సహజంగా ఉంటుందని చాలామంది అభ్యర్థులు రాస్తుంటారు. అది సరికాదు. దావా వేసే హక్కు సహజమైనది. అప్పీలు మాత్రం చట్టం ఇస్తేనే ఉంటుంది. ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం చరిత్ర చూడండి.

నేపథ్యం: మన దేశంలో అద్దె నియంత్రణ యుద్ధకాలపు కొరతలోంచి పుట్టింది. 1918లో బొంబాయిలో మొదలై, రెండో ప్రపంచ యుద్ధంలో ఇతర నగరాలకు విస్తరించింది. దేశ విభజనతో శరణార్థులు చేరిన ఢిల్లీకి 1958లో ప్రత్యేక చట్టం వచ్చింది.

1958: రెంట్ కంట్రోలర్ ఉత్తర్వుపై 30 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు (సెక్షన్ 38), ఆపైన హైకోర్టుకు రెండో అప్పీలు (సెక్షన్ 39). యజమాని సొంత అవసరం అనే కారణం నివాస గృహాలకే వర్తించేది. దుకాణదారును ఆ పేరుతో కదిలించడం కుదిరేది కాదు.

1976: సొంత అవసరం కేసులకు సెక్షన్ 25బి చేర్చారు. అద్దెదారు వాదించాలన్నా ముందు అనుమతి తెచ్చుకోవాలి. అప్పీలు లేదు, హైకోర్టు రివిజన్ ఒక్కటే.

1988: సెక్షన్ 39 తొలగించారు. సెక్షన్ 38 అప్పీలును న్యాయపరమైన ప్రశ్నలకే పరిమితం చేశారు. నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను చట్టం నుంచి తప్పించారు.

2008: సత్యవతి శర్మ కేసులో సుప్రీంకోర్టు నివాసం, వ్యాపారం అనే తేడాను కొట్టివేసింది. దీంతో దుకాణాలూ 25బి కిందికి వచ్చాయి.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించండి. ఎక్కువ అద్దె కట్టే షోరూముకు అద్దె చట్టం రక్షణ లేదు. కానీ దాని కేసు సివిల్ కోర్టులో నడుస్తుంది కాబట్టి, సీపీసీ సెక్షన్ 96 కింద వాస్తవాలపైనా, చట్టంపైనా మొదటి అప్పీలు దొరుకుతుంది. రక్షణ ఉన్న చిన్న దుకాణదారుకు సొంత అవసరం కేసులో ఆ మొదటి అప్పీలే లేదు. జీవనాధారం పోయే సందర్భంలో సాక్ష్యాన్ని రెండోసారి తూచే న్యాయస్థానం అతనికి ఉండదు. 2014లో హిందుస్థాన్ పెట్రోలియం వర్సెస్ దిల్‌బహార్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇతర రాష్ట్రాల అద్దె చట్టాలను పరిశీలిస్తూ, రివిజన్‌ను అప్పీలులా మార్చి సాక్ష్యాన్ని తిరిగి తూచరాదని చెప్పింది.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వేరే దారి పట్టింది. సొంత వ్యాపారానికి యజమాని దుకాణాన్ని కోరవచ్చు. అయితే అద్దెదారుకు సెక్షన్ 20 కింద 30 రోజుల్లో అప్పీలు, సెక్షన్ 22 కింద హైకోర్టు రివిజన్ రెండూ ఇచ్చింది.

యజమాని వైపు కూడా రాయండి. అప్పీలు వేసినంత మాత్రాన స్టే రాదు. ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో (2005) అద్దె నెలకు దాదాపు 372 రూపాయలు. స్టే కావాలంటే నెలకు 15,000 కట్టాలన్న ట్రిబ్యునల్ షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. ఏళ్ల తరబడి అప్పీళ్లతో పాత అద్దెకే కొనసాగడం యజమానికి అన్యాయమే.

సమాధానం ముగించేటప్పుడు ఒక వైపే మొగ్గకండి. మెట్లు తగ్గిస్తే జాప్యం తగ్గుతుంది. పొరపాటు తీర్పును సరిదిద్దే అవకాశమూ తగ్గుతుంది. కనీసం ఒక పూర్తి అప్పీలు, దానికి గడువు, మార్కెట్ అద్దె షరతు: ఈ మూడూ కలిస్తేనే సమతూకం.

సాధన ప్రశ్న: "అప్పీలు హక్కు శాసనం ఇచ్చేదే." వాణిజ్య అద్దె వివాదాల ఆధారంగా చర్చించండి. (150 పదాలు)