రిక్రూటర్ వెతుకులాటలో మన పేరు ఎందుకు రాదు? బూలియన్ సెర్చ్, కులం, గుంటూరు ల్యాబ్ ఉద్యోగాలు

గుంటూరు, ప్రకాశం పొలాల్లో పత్తి తీసేది, మిర్చి కోసేది, కల్లాల దగ్గర తాలుకాయలు ఏరేది ఎక్కువగా దళిత, బహుజన మహిళలే. అదే మిర్చి ఎగుమతికి వెళ్లేముందు పరీక్షించే ల్యాబ్‌లో, అదే పత్తి పింజ పొడవు కొలిచే యంత్రం దగ్గర కూర్చునేది ఎవరు? ఇలాంటి సాంకేతిక ఉద్యోగాలను ప్రకటన లేకుండానే నింపవచ్చు. రిక్రూటర్ సెర్చ్ ఇంజిన్‌లో నాలుగు మాటలు కొట్టి మనుషుల్ని వెతుక్కుంటాడు. ఆ నాలుగు మాటలు ఎలా పనిచేస్తాయో విద్యార్థులకూ, ఉద్యమకారులకూ తెలియాలి.

బూలియన్ సెర్చ్ అంటే

1854లో జార్జ్ బూల్ అనే గణితవేత్త ఆలోచనా నియమాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. ‘ఇదీ అదీ’, ‘ఇది లేదా అది’, ‘ఇది కాదు’ అనే సంబంధాలను గణితంగా మార్చాడు. నేటి సెర్చ్‌కు ఆధారం అదే. గూగుల్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన మాట యథాతథంగా ఉన్న పేజీలే వస్తాయి. పెద్ద అక్షరాల్లో ‘ఆర్’ అని రాస్తే రెండు మాటల్లో ఏది ఉన్నా చాలు. మాటకు ముందు ఖాళీ లేకుండా మైనస్ పెడితే ఆ మాట ఉన్నవి తొలగిపోతాయి. ‘సైట్:’ అని రాసి ఒక వెబ్‌సైట్ చిరునామా ఇస్తే వెతుకులాట ఆ సైట్‌కే పరిమితమవుతుంది. లింక్డ్‌ఇన్ వంటి సైట్లలోని ప్రొఫైళ్లను బయటి నుంచి ఇలా జల్లెడ పట్టడాన్ని రిక్రూటర్లు ఎక్స్‌రే సెర్చ్ అంటారు.

మిర్చి ల్యాబ్ ఉదాహరణ

2003లో భారత మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే నిషిద్ధ రంగు ఫ్రాన్స్‌లో బయటపడింది. ఆ ఏడాదే యూరోపియన్ యూనియన్ మిర్చి దిగుమతులకు పరీక్షా పత్రాలు తప్పనిసరి చేసింది. మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదని అక్కడి నిబంధన. పురుగుమందుల అవశేషాలకూ పరిమితులున్నాయి. అందుకే మిర్చి వ్యాపారానికి రసాయన శాస్త్రం చదివినవాళ్లు కావాలి.

అలాంటి మనిషి కోసం రిక్రూటర్ ఇంగ్లిష్‌లో కొట్టే ప్రశ్న సుమారుగా ఇలా ఉంటుంది: “పెస్టిసైడ్ రెసిడ్యూ” (“ఎల్‌సీ-ఎంఎస్” ఆర్ “జీసీ-ఎంఎస్”) గుంటూరు -ట్రైనింగ్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఆ యంత్రం మీదే ప్రాజెక్టు చేసి, రెజ్యూమెలో ‘ల్యాబ్ అనుభవం ఉంది’ అని మాత్రమే రాసిన అమ్మాయి ఈ జాబితాలోకి రాదు. ఆమెను ఎవరూ తిరస్కరించలేదు. అసలు ఎవరూ చూడలేదు.

కులం ఎక్కడ చొరబడుతుంది

ఏ రిక్రూటరూ మైనస్ పెట్టి కులం పేరు రాయనవసరం లేదు. బ్రాకెట్లలో (“ఐఐటీ” ఆర్ “ఎన్ఐటీ”) అని పెడితే చాలు, జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలన్నీ పక్కకు పోతాయి. పదో తరగతి నుంచి 60 శాతం మార్కులు, చదువులో గ్యాప్ ఉండకూడదు అనే వడపోతలు ఫీజు కోసం ఏడాది పనికి వెళ్లిన పిల్లల్ని తీసేస్తాయి.

వడపోత దాటాక కనిపించేది పేరు, ఫొటో. మన దగ్గర ఇంటిపేరే కులాన్ని పట్టిస్తుంది. గుంటూరులో 1842 నుంచి లూథరన్ మిషన్, తర్వాత ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ పనిచేసిన ప్రాంతమిది. బైబిల్ పేరు చూడగానే కులం ఊహించేవాళ్లు ఇక్కడ తక్కువేం కాదు.

ఇది అనుమానం మాత్రమే కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు వెళ్లాయి. ఫలితాలు 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చాయి. అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే సంభావ్యతా నిష్పత్తి 1 అనుకుంటే, దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. ఆ దరఖాస్తులను కనీసం ఎవరో తెరిచారు. సెర్చ్ పద్ధతిలో దరఖాస్తే ఉండదు కాబట్టి ఇలాంటి లెక్క తీయడం మరింత కష్టం.

విద్యార్థులు చేయాల్సింది

నేర్చుకున్న యంత్రం, పద్ధతి, ప్రమాణం పేర్లు ఇంగ్లిష్‌లో పూర్తి పేరూ పొట్టి పేరూ రెండూ రాయండి. రెసిడ్యూ పరీక్షల్లో క్వెచర్స్ పద్ధతి, ల్యాబ్ గుర్తింపులో ఐఎస్ఓ 17025, పత్తిలో హెచ్‌వీఐ, మైక్రోనేర్ లాంటివి. చేయనిది మాత్రం రాయవద్దు. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు అని ఊరి పేరు చేర్చండి. రెజ్యూమెను ఫొటోగా కాక అక్షరాలుగా భద్రపరచండి. ప్రొఫైల్ అందరికీ కనిపించే సెట్టింగ్‌లో లేకపోతే బయటి సెర్చ్‌కు దొరకదు. చివరగా రిక్రూటర్ కొట్టే ప్రశ్న మీరే కొట్టి, ఏ మాటలున్నవాళ్లు పైకి వస్తున్నారో చూడండి.

సంఘాలు అడగాల్సింది

విద్యార్థి ఒక్కరే మాటలు మార్చుకుంటే వివక్ష పోదు. ఉద్యోగ సమానావకాశంపై రాజ్యాంగం 16వ అధికరణం రాజ్యం కింది ఉద్యోగాలకే వర్తిస్తుంది. ప్రైవేటు ల్యాబ్‌కు రిజర్వేషన్ లేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టాన్ని ప్రయోగించాలంటే జరిగిన చర్య, చేసిన మనిషి కనిపించాలి. సెర్చ్ పెట్టెలో జరిగే తొలగింపుకు ఆ రెండూ దొరకవు.

అందుకే డిమాండ్లు ఈ దశపైనే ఉండాలి. ప్రతి సాంకేతిక ఖాళీనీ బహిరంగంగా ప్రకటించాలి. వాడిన వడపోతలను కంపెనీ రాతపూర్వకంగా భద్రపరచాలి. మొదటి దశలో పేరు, ఫొటో, కాలేజీ దాచిపెట్టాలి. ప్రభుత్వ రాయితీలు, స్థలాలు పొందే సంస్థల విషయంలో వీటిని షరతులుగా పెట్టమని అడిగే హక్కు మనకుంది. ఆ రాయితీల్లో మిర్చి కోసే చేతులు కట్టిన పన్ను కూడా ఉంది.